రీఫ్ ట్యాంకుకు ఎల్ఈడీ లైటు: పెద్దది ఒకటా, చిన్నవి రెండా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 లోతు ఉన్న రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీటిలో పగడాలు పెంచే అక్వేరియం. ప్రస్తుతం అందులో మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, ఒక హ్యామర్, ఇలా మూడు రకాల పగడాలు ఉన్నాయి. ఏడాదిలో కొమ్మలుగా పెరిగే అక్రోపోరా పగడం కూడా పెట్టాలని మీ కోరిక. పెట్టె మీద 165 వాట్లు అని రాసి ఉన్న పెద్ద లైటు ఒకటి కొనాలా, 60 వాట్ల చిన్న లైట్లు రెండు కొనాలా అన్నది సందేహం. వాట్లు ఎక్కువగా ఉన్నదీ, ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు కలిపి ‘పూర్తి స్పెక్ట్రమ్’ అని రాసుకున్నదీ పెద్దదే కాబట్టి మీ మనసు అటే మొగ్గుతోంది.

చిన్నవి రెండు కొనండి. ఎందుకో చెప్పడానికి కొంచెం చోటు కావాలి. మెటల్ హాలైడ్ దీపాలు ట్యాంకు నీటిని పొయ్యి మీద పెట్టినట్టు వేడెక్కించిన రోజుల నుంచి నేను పగడాలు పెంచుతున్నాను. ఆ తరువాత టీ5 ట్యూబులు వాడాను, ఇప్పుడు ఎల్ఈడీలు వాడుతున్నాను. దీపం మారిన ప్రతిసారీ చేసిన తప్పు ఒక్కటే: దీపాన్ని చూసి కొన్నాను, పగడం కూర్చునే చోటును చూసి కొనలేదు.

ముందు ఆ 165 సంగతి చూద్దాం. ఇలాంటి పెట్టె లైట్లలో సాధారణంగా 3 వాట్ల రకం ఎల్ఈడీలు 55 ఉంటాయి. మూడును యాభై అయిదుతో హెచ్చవేసి పెట్టె మీద 165 అని అచ్చు వేస్తారు. ఆ 3 వాట్లు ఎల్ఈడీ తట్టుకోగల సామర్థ్యం మాత్రమే. ఎల్ఈడీలకు కరెంటు అందించే లోపలి డ్రైవర్ దాన్ని అంత గట్టిగా నడపదు. గోడ ప్లగ్గు దగ్గర వాట్ మీటరు పెట్టి చూస్తే అంకె చాలాసార్లు 120 దరిదాపుల్లో ఆగిపోతుంది. పైగా వాట్లు లైటు తాగే కరెంటుకు లెక్క, ఇచ్చే వెలుగుకు కాదు. ఆవు ఎంత మేత మేసిందో చెబితే ఎన్ని పాలిచ్చిందో తెలియదు కదా.

పోనీ ల్యూమెన్లు చూద్దామంటే అవీ పక్కదారి పట్టిస్తాయి. ల్యూమెన్, లక్స్ రెండూ మనిషి కంటిని బట్టి తయారైన కొలతలు. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, అన్నిటికన్నా చురుగ్గా ఉంటుంది. 450 నానోమీటర్ల నీలానికి వచ్చేసరికి ఆ చురుకు సుమారు పాతికో వంతుకు పడిపోతుంది. పగడానికి ముఖ్యంగా కావలసింది ఆ నీలమే. అందుకే మసకగా కనిపించే నీలి లైటు కింద పగడం కమిలిపోవచ్చు. కళ్లు చెదిరే తెల్ల లైటు కింద అర్ధాకలితో ఉండిపోవచ్చు. ఇంత వెలుగు చాలులే అని కంటితో చూసి తీర్పు చెప్పడం మిగతా గదుల్లో కుదురుతుంది, ఇక్కడ కుదరదు.

ఇక్కడ పనికొచ్చే కొలత పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న ఫోటాన్లు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లు పడుతున్నాయో చెప్పే అంకె అది. పగడం కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. వెలుగుతో అవి తయారుచేసుకున్న ఆహారంలో పెద్ద వాటా ఇల్లిచ్చిన పగడానికి అద్దెగా ముట్టజెబుతాయి. మనం లైటు కొనేది ఆ అద్దెదారుల కోసం. (పేరు చూసి మోసపోయే పగడం ఒకటుంది: సన్ కోరల్ అని పిలిచే ట్యుబాస్ట్రియా. దానిలో ఈ శైవలాలు లేనే లేవు. పేరులో సూర్యుడున్నా దానికి వెలుగుతో పనిలేదు. దగ్గరుండి మేత పెట్టాలి.)

మీ పగడాలకు నేను పెట్టుకునే పార్ అంకెలు చెబుతాను. మష్రూమ్‌లకు 50 నుంచి 100 చాలు. జోయాంథిడ్‌లు 80 నుంచి 150 వరకు హాయిగా ఉంటాయి. హ్యామర్, టార్చ్ వంటి యూఫిలియా కుటుంబానికి 100 నుంచి 150. పలకలుగా పెరిగే మాంటిపోరాకు 200 చుట్టూ, అక్రోపోరాకు 250 నుంచి 350. ఇవి రాతిమీద చెక్కిన నియమాలు కావు. ఇదే అక్రోపోరా 180 దగ్గర బతకడమూ చూశాను, 450 దగ్గర మెరవడమూ చూశాను. ఉష్ణమండల సముద్రం ఉపరితలం మీద మిట్టమధ్యాహ్నం 2000 దాకా ఉంటుంది కదా, మనం ఇంత తక్కువతో సరిపెట్టడం ఎందుకని అడగవచ్చు. కొన్ని మీటర్ల లోతుకు దిగేసరికి అందులో చాలా భాగం నీరు మింగేస్తుంది, మబ్బులు పడతాయి, పొద్దు వాలుతుంది. ట్యాంకులో లైటు మాత్రం రోజుకు ఎనిమిది గంటలు ఒకే తీవ్రతతో నెత్తిన నిలబడి ఉంటుంది.

ఒక హద్దు దాటాక శైవలాలు అదనపు వెలుగును వాడుకోలేవు. ఆ మిగులు శక్తి కణజాలంలో విషపూరితమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. పగడం తట్టుకోలేక అద్దెదారులను బయటకు గెంటేస్తుంది. అదే తెల్లబారడం. చాలని వెలుగులో పగడం నెలల తరబడి గోధుమరంగులో ఉండి ఓర్చుకుంటుంది. మితిమీరిన వెలుగులో వారంలో పోతుంది. నేను చూసినంతలో కొత్త ఎల్ఈడీల కింద పోయిన పగడాల్లో చీకటికి పోయినవి తక్కువ.

నాదే ఒక ఉదాహరణ చెబుతాను. టీ5 ట్యూబులు తీసేసి మొదటి ఎల్ఈడీ బిగించిన రోజు ఉత్సాహం ఆపుకోలేక అన్ని ఛానళ్లూ (ఒక్కో రంగు ఎల్ఈడీల గుంపు ఒక ఛానల్) 100 శాతానికి తిప్పాను. చూడటానికి ట్యూబుల కన్నా మసకగానే అనిపించింది, కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాను. పది రోజుల్లో మాంటిపోరా పలకలు ఎముకలా తెల్లబడ్డాయి. హ్యామర్ ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండిపోయింది. నీటిలో లోపముందని నీళ్లు మార్చాను, నీటిని శుభ్రం చేసే కార్బన్ మార్చాను, పంపు దిశ మార్చాను. చివరికి ఒక మిత్రుడి దగ్గర పార్ మీటరు అరువు తెచ్చి రాళ్ల పైన పెడితే 500 దాటింది. పాత ట్యూబులను తిరిగి వేలాడదీసి అదే చోట కొలిస్తే 180. మసకగా అనిపించిన లైటు దాదాపు మూడు రెట్లు కుమ్మరిస్తోంది.

ఇప్పుడు మీ ట్యాంకు కొలతలకు వద్దాం. ఈ జవాబులో అసలు విషయం వెలుగు ఎంత అన్నది కాదు, ఎలా పరుచుకుంటుందన్నది. పెద్ద లైటు అన్నా దాని ఎల్ఈడీలన్నీ మధ్యలో సుమారు 40 సెంటీమీటర్ల పలకలోనే గుంపుగా ఉంటాయి. మీ ట్యాంకు పొడవు 90. మధ్యలో వేలాడదీస్తే కింద కుంభవృష్టి, రెండు చివరలా తుంపర. ఇంతే కొలతల ట్యాంకులో, అలాంటి లైటు కింద నేను కొలిచినప్పుడు నడుమ రాతి మీద 310, మూలల్లో ఇసుక మీద 40 వచ్చింది. మూలల కోసం లైటు పెంచితే నడుమ ఉన్నవి మాడతాయి, నడుమ ఉన్నవాటి కోసం తగ్గిస్తే మూలలు చీకటవుతాయి. లైటును పైకి లేపితే కొంత సర్దుకుంటుంది గానీ, అప్పుడు సగం వెలుగు నేల మీదా గోడ మీదా పడుతుంది.

రెండు లైట్లయితే ఒక్కొక్కటి 45 సెంటీమీటర్ల చదరాన్ని చూసుకుంటే సరిపోతుంది. మధ్యలో రెండింటి వెలుగూ కలుస్తుంది కాబట్టి అక్కడా లోటు ఉండదు. ఇంకో లాభం నీడల దగ్గర. ఒకే చోటు నుంచి వెలుగు పడితే కొమ్మలుగా పెరిగిన పగడం పై కొమ్మలు తమ నీడతో కింది కొమ్మలను చంపుకుంటాయి. ఏడాది రెండేళ్లు పెరిగిన అక్రోపోరా అడుగున తోలు ఊడి తెల్లని అస్థిపంజరం బయటపడటానికి ఇది ఒక కారణం. రెండు వైపుల నుంచి వెలుగు పడితే ఒక లైటు వేసిన నీడను రెండోది కొంత పూడుస్తుంది. ఒకటి చెడిపోయినా రెండోది ఉంటుంది. కొత్తది వచ్చేదాకా పగడాలు చీకట్లో కూర్చోనక్కర్లేదు. ట్యాంకు ఒక వైపు మష్రూమ్‌ల కోసం తక్కువగా, మరో వైపు అక్రోపోరా కోసం ఎక్కువగా పెట్టుకునే వీలు కూడా రెండు లైట్లతోనే వస్తుంది.

లెన్సుల గురించి అడగలేదు గానీ అడగవలసిన ప్రశ్నే. ఇరుకు లెన్సు వెలుగును కిందికి కుక్కుతుంది. 70, 80 సెంటీమీటర్ల లోతున్న ట్యాంకులకు అది కావాలి. మీ 50 సెంటీమీటర్లకు 120 డిగ్రీల చుట్టూ ఉన్న వెడల్పు లెన్సు మేలు. వెలుగు పక్కలకు చెదిరి అద్దాల గుండా బయటకు పోతుందని భయపడకండి. నీటిలోకి దిగగానే కిరణం వంగుతుంది: నిలువుకు 60 డిగ్రీల వాలుతో వచ్చినది నీటిలో సుమారు 41 డిగ్రీలకు నిటారవుతుంది. అలా వాలుగా దిగి అద్దాన్ని తాకిన కిరణంలో ఎక్కువ భాగం అద్దం బయటి ముఖం నుంచి తిరిగి లోపలికే వస్తుంది, అద్దాల మీద నాచు, మరకలు లేకపోతే. వెనుక అద్దాన్ని గీకే బద్ధకం ఉన్నవాళ్లు ఆ వెలుగును వదులుకున్నట్టే. లైటు నీటి మట్టానికి 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే రంగులు కలవడానికి కూడా సమయం దొరుకుతుంది. మరీ దగ్గరగా పెడితే ఇసుక మీద ఒక చోట ఎర్ర మచ్చ, ఒక చోట నీలి మచ్చ నాట్యమాడుతుంటాయి. అది కొందరికి నచ్చుతుందట. నాకు తలనొప్పి.

‘పూర్తి స్పెక్ట్రమ్’ మాటకు వస్తే, దానికి అర్థం అమ్మేవాళ్లు ఎంత చెబితే అంత. తెల్ల ఎల్ఈడీ నిజానికి పసుపు పూత పూసిన నీలి ఎల్ఈడీ. నీలంలో కొంత ఆ పూతను తాకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపుగా మారి వస్తుంది. కాబట్టి తెల్ల ఛానల్ కొద్దిగా వెలుగుతున్నంతసేపు మీ ట్యాంకుకు ఎరుపు, ఆకుపచ్చ అందుతూనే ఉంటాయి. వాటికి విడిగా ఎల్ఈడీలు లేకపోవడం లోపం కాదు. సముద్రంలోనూ మొదటి కొన్ని మీటర్లలోనే నీరు ఎరుపును తినేస్తుంది. లోతుకు వెళ్లేది నీలం. ఎరుపు మోతాదు పెరిగితే స్టైలోఫోరా లాంటి పగడాల్లో కిరణజన్య సంయోగక్రియ కుంటుపడుతుందని ప్రయోగాల్లో తేలింది కూడా. నా లైట్లలో ఎరుపు, ఆకుపచ్చ ఛానళ్లు 5 శాతం దాటవు. అదీ చేపల ఎరుపు పాలిపోయి కనిపించకుండా ఉండటానికే.

లైటులో తప్పక ఉండవలసినవి 440 నుంచి 455 నానోమీటర్ల వరకు ముదురు నీలం, 465 నుంచి 480 వరకు మామూలు నీలం, 400 నుంచి 420 వరకు ఊదా. మొదటి రెండూ శైవలాల్లోని క్లోరోఫిల్‌కు, పెరిడినిన్ అనే మరో వర్ణకానికి నేరుగా అందుతాయి. ఊదా కొంత ఆహారానికీ కొంత రంగుకూ పనికొస్తుంది. పగడాల్లోని ప్రతిదీప్త ప్రోటీన్లు నీలాన్ని, ఊదాను పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా తిరిగి వెలిగిస్తాయి. రాత్రి నీలి లైటు కింద మీ జోయాంథిడ్‌లు దీపాల్లా వెలగడం అదే. ఆకుపచ్చగా మెరిసే ఈ రకం ప్రోటీన్‌ను మొదట ఒక జెల్లీ చేపలో కనుగొన్నారు. ఆ పరిశోధనకు 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. దాన్ని వెలిగించే నీలి ఎల్ఈడీని సాధ్యం చేసిన అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతిక శాస్త్రంలో వచ్చింది. రెండు నోబెల్ బహుమతులు ఒకదాని మీద ఒకటి పడి మెరిసే చోటు ఇంట్లో ఇంకెక్కడ దొరుకుతుంది? ఒక్క జాగ్రత్త: అమ్మే చోట అచ్చమైన నీలి లైటు కింద చూసి పగడం కొనకండి. కాస్త తెల్ల లైటు వేయమని అడగండి. అప్పుడు గోధుమరంగు ముద్దలా కనిపిస్తే, ఇంటికి తెచ్చినా పగలు మీకు కనిపించేది ఆ ముద్దే.

వెలుగు రంగును చెప్పే కెల్విన్ లెక్కలతో బుర్ర పాడుచేసుకోవద్దు. 14000, 20000 అన్న అంకెలు ఒకే రంగులో వెలిగే హాలైడ్ బల్బులకు అర్థవంతంగా ఉండేవి. ఛానళ్లను విడివిడిగా తిప్పుకునే ఎల్ఈడీకి ఆ అంకె మీరు తిప్పినట్టు మారుతుంది. ఛానళ్లను విడిగా తిప్పే వీలు లేని లైటైతే మాత్రం అసలు కొనవద్దు.

పార్ మీటరు గురించి నిర్మొహమాటంగా ఒక మాట. దాన్ని కొననక్కర్లేదు, కానీ కొలవకుండా ఉండకండి. ఏడాదికి రెండు మూడు సార్లు అక్కర వచ్చే వస్తువు, అరువు తెచ్చుకోండి లేదా అద్దెకు తీసుకోండి. ఒకటి గమనించండి: పాత తరం సెన్సర్లు ముదురు నీలాన్ని తక్కువగా చదువుతాయి. గాలిలో వాడటానికి తయారైన సెన్సరును నీటిలో ముంచితే అంకెను సవరించాలి కూడా. అపోజీ కంపెనీ ఎంక్యూ-510 లాంటి మీటర్లు నీటి అడుగున వాడటానికే చేసినవి కాబట్టి ఆ సవరణ లోపలే జరిగిపోతుంది. ఫోను కెమెరాతో కొలిచే యాప్‌లు ఒక మూల కన్నా మరో మూల ఎంత మసకగా ఉందో పోల్చడానికి పనికొస్తాయి. అవి చూపే అంకెను మాత్రం నమ్మి పగడం పెట్టకండి. కొలిచేటప్పుడు పంపులు ఆపవద్దు. నీటి అలలు ఉండగా వచ్చిన సగటే మీ పగడం చూసే వెలుగు.

తీవ్రత ఎంత ముఖ్యమో వెలిగే గంటలూ అంతే. 150 పార్ పది గంటలు పడితే రోజుకు చదరపు మీటరు మీద 5.4 మోల్‌లు; 250 పార్ తొమ్మిది గంటలైతే 8.1. హ్యామర్‌కు ఎక్కువైందనిపిస్తే ఎప్పుడూ తీవ్రతే తగ్గించాలని లేదు, ఒక గంట కోసినా సరిపోవచ్చు. నేను ఉదయం గంటన్నర మెల్లగా పెంచి, ఏడెనిమిది గంటలు నిలకడగా ఉంచి, సాయంత్రం గంటన్నరలో దించుతాను. ఆ తరువాత అరగంట సన్నని నీలం, అదీ నా కళ్ల కోసం. రాత్రంతా వెన్నెల లైటు వెలిగించి ఉంచడం నాకు నచ్చదు. చేపలకు చీకటి కావాలి, పగడాలకూ కావాలి.

ఎల్ఈడీ 50,000 గంటలు వస్తుందని రాస్తారు. అంటే వెలుగు 70 శాతానికి తగ్గేలోపు. రోజుకు పది గంటలు వేసుకుంటే పదమూడేళ్లు దాటాలి. నా అనుభవంలో ముందు పోయేది ఎల్ఈడీ కాదు, ఫ్యాను. ఉప్పు నీటి తుంపరలు ఆరి తెల్లటి పొడిగా ఫ్యాను రెక్కల మీద, వేడిని బయటకు పంపే హీట్‌సింక్ సందుల్లో పేరుకుంటాయి. ఒకసారి నా అక్రోపోరా అంతా గోధుమరంగుకు తిరుగుతుంటే రెండు వారాలు ఫాస్ఫేట్ కొలుస్తూ కూర్చున్నాను. చూస్తే ఫ్యాను ఆగిపోయింది. వేడిని తట్టుకోవడానికి లైటు తనంతట తానే మసకబారి వెలుగుతోంది. కాబట్టి కొనేముందు ఫ్యానూ డ్రైవరూ విడిగా దొరుకుతాయా అని అడగండి, నెలకోసారి లెన్సులను తడిబట్టతో తుడవండి. వైరు ప్లగ్గులోకి వెళ్లేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా ఉంచండి. అప్పుడు దాని వెంట జారిన నీరు సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోతుంది. ట్యాంకు సరఫరాకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ లేకపోతే లైటు కన్నా ముందు అది పెట్టించండి. ఇందులో బేరం లేదు.

లైటు ఎక్కువైతే నాచు పట్టేస్తుందని మీరు రాసిన భయం సగమే నిజం. నాచుకు వెలుగు కావాలి, నిజమే. కానీ దాని కడుపు నింపేది నైట్రేట్, ఫాస్ఫేట్. దీనికి భయపడి కొందరు ఆ రెండింటినీ సున్నాకు తెస్తారు, అదే సమయంలో లైటు పెంచుతారు. అంతకన్నా త్వరగా పగడాలను తెల్లబరచే దారి నాకు తెలియదు. నైట్రేట్ లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండనివ్వండి.

రెండు లైట్లు వచ్చాక ఇలా మొదలుపెట్టండి. నీటికి 25 సెంటీమీటర్ల ఎత్తులో బిగించి, నీలం, ఊదా ఛానళ్లు 35 శాతం, తెలుపు 10 దగ్గర ఉంచండి. ఇసుక మీద రెండు మూలలా, రాతి నడుమన, రాతి శిఖరం మీద కొలవండి. ఇప్పుడున్న లైటు కింద కూడా ముందే ఇవే చోట్ల కొలిచి ఉంచుకుంటే మరీ మంచిది; కొత్త లైటును మొదట ఆ అంకెలకే సరిపెట్టవచ్చు. అక్కడి నుంచి వారానికి 5 శాతం చొప్పున పెంచుతూ, ఇసుక మీద 60 నుంచి 90, నడుమన 120 నుంచి 150, శిఖరం మీద 220 నుంచి 250 వచ్చినప్పుడు ఆపేయండి. మధ్యలో పగడాలను చూస్తూ ఉండండి. జోయాంథిడ్‌లు కాడలు సాగదీసి పైకి లేస్తుంటే వెలుగు చాలడం లేదు. మష్రూమ్ అంచులు ముడుచుకుని కుంచించుకుపోతుంటే, హ్యామర్ పగలు ముడుచుకుని లైటు తగ్గే వేళకే విచ్చుకుంటుంటే ఎక్కువైంది. రెండు వారాల వెనుకటి అంకెకు తిరిగి వెళ్లండి.

వెలుగు పెరిగిన కొద్దీ పగడాలు వేగంగా అస్థిపంజరం కట్టుకుంటాయి, అంటే నీటిలోని కాల్షియం, ఆల్కలినిటీ (కార్బొనేట్ల నిల్వ) వేగంగా ఖర్చవుతాయి. లైటు పెంచిన నెలలో ఆల్కలినిటీని వారానికి రెండుసార్లు కొలవండి. 8 నుంచి 9 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) మధ్య ఎక్కడైనా ఫరవాలేదు, ఊగకుండా ఉంటే చాలు. అది కుదురుకున్నాక శిఖరం మీద ముందుగా అక్రోపోరా కాదు, ఒక చిన్న మాంటిపోరా పలక పెట్టండి. తెచ్చిన రోజే పైకి ఎక్కించవద్దు. రెండు వారాలు కింద ఉంచి, రెండు వారాలు నడుమన ఉంచి, అప్పుడు పైకి చేర్చండి. పలక అంతా పాలిపోకుండా అంచున మాత్రం సన్నని తెల్ల గీత కనిపిస్తే కంగారు పడకండి, అది కొత్త పెరుగుదల. ఆ గీత మూడు నెలల పాటు ఆగకుండా బయటకు జరుగుతూ పోతే అక్రోపోరా మొదటి ముక్క తెచ్చుకోండి.